ఉచ్చైశ్శ్రవము తోకయు, ఎఱ్ఱమంజిల్ సాలయు: గుఱ్ఱపు పందెమును తెలుగు అపరాధపరిశోధక నవలయు

పంజాగుట్టనుండి ఖైరతాబాదునకు బోవు దారిలో ఒక మిట్టపై ఎఱ్ఱమంజిల్ అను పూర్వపు ప్రభుభవనము కలదు. నేడు దానిచెంత మెట్రో రైలు నిలయమొకటి ఆ పేరుతోనే వెలసినది. అమీర్‌పేటలో బండి యెక్కి ఉద్యోగములకు బోవు వేలకొలది జనులలో ఆ పేరునకు అర్థమేమని విచారించువారు అరుదు. ఆఱవ నిజాము కాలపు ప్రభువులలో నొకడైన నవాబు ఫక్రుల్‌ముల్కు దానిని కట్టించెను. నూటయేబదికి మించిన గదులతో, ఐరోపా వాస్తురీతి కలిసిన తీరున నిర్మితమైన ఆ సౌధముచుట్టు ఒకప్పుడు తొమ్మిదిగుంటల గోల్ఫు మైదానము, పోలో మైదానము, గుఱ్ఱపుసాలలు, పాడిపశువుల శాల ఉండెడివి. మా యిల్లు అక్కడికి నడకదూరము. ఆ మిట్టప్రక్కగా నడచిపోవునప్పుడెల్ల మాకు ఆ గుఱ్ఱపుసాలలే తలపునకు వచ్చుచుండును. ఈ వ్యాసమునకు ప్రేరణము అవియే.

ఆంగ్లసాహిత్యమున గుఱ్ఱపుస్వారి పోటీలను రంగస్థలముగా జేసికొన్న అపరాధపరిశోధక నవల ఒక ప్రత్యేకశాఖగా పెరిగి నూఱేండ్లకు పైబడినది. మన నగరమున 1868లో మౌలాలీయందు పందెములు ఆరంభమై, 1886లో మలక్‌పేటకు మాఱి, నేటికిని సాగుచున్నవి. తెలుగున అపరాధపరిశోధక నవలలు వందలకొలది వెలువడినవి. ఐనను పందెపు మైదానమునే తన రాజ్యముగా జేసికొని, గ్రంథముపై గ్రంథము దానిమీదనే వ్రాసిన రచయిత మనకు ఏర్పడలేదు. సామగ్రి కలదు, పాఠకులు కలరు, ప్రక్రియ కలదు. మూడును ఒకచోట చేరలేదు. ఈ కలయిక ఏల తప్పిపోయెనో విచారించుట మా యుద్దేశము. "డిటెక్టివు నవలలపై వ్యాసమా?" అని మొగము చిట్లించు పెద్దలు మన శాఖలలో ఇంకను కలరు. పరిశోధనకు పేరు నమోదు చేసికొనిన తొలిదినములలో మేమీ విషయమును ప్రతిపాదింపగా, ఒక పెద్దమనిషి ఆ కాగితమును మడిచి మా జేబులోనే పెట్టి, ప్రబంధములపై పని చేయుమని హితవు చెప్పిరి. మేము ప్రబంధములపైననే పని చేసి పట్టము పొందితిమి. కాని ఆ మడిచిన కాగితము విషయమున మాకు తృప్తి కలుగలేదు. ఆ పెద్దలకు ఇప్పుడు మేమిచ్చు సమాధానము నన్నయభట్టునుండియే మొదలగును.

ఆదిపర్వములోని కద్రూవినతల కథ ఎల్లరెఱిగినదే. కశ్యపుని భార్యలిరువురును సముద్రతీరమున విహరించుచు దూరమున ఉచ్చైశ్శ్రవమును చూచిరి. గుఱ్ఱము తెల్లనిది. దాని తోకయందు నలుపు కలదని కద్రువ, లేదని వినత. ఓడినవారు గెలిచినవారికి దాస్యము చేయవలెనని పణము. ఇప్పుడే పోయి చూతమని వినత యనగా, ప్రొద్దువాలినది, భర్తకు పరిచర్య చేయు వేళయైనదని చెప్పి కద్రువ దానిని మఱునాటికి దాటవేసెను. తరువాత తన కొడుకులైన నాగులను పిలిచి, తోకను పట్టి వ్రేలాడి నల్లగా జేయుడని కోరినది. అది అధర్మమని నిరాకరించినవారు తల్లి శాపమునకు గుఱియైరి. కర్కోటకుడు మాత్రము ఒప్పుకొనెను. మఱునాడు చూడగా తోక నల్లగా నుండెను. వినత దాసి యయ్యెను.

దీనిని పురాణగాథగా గాక నేరపుకథగా ఒక్కమాఱు చదివిచూడుడు. ఒక గుఱ్ఱము కలదు. దానిపై పందెము కలదు. పందెము గుఱ్ఱము వేగముపై గాక దాని గుర్తుపై కట్టబడినది. మోసగించువారికి కావలసినది ఒక రాత్రి వ్యవధి. దానిని సంపాదించుటకు చూపిన కారణము ఎవరును ఆక్షేపింపరాని గృహధర్మము. సహాయకులను పిలిచినప్పుడు వారిలో చీలిక వచ్చినది. ఒకడు లొంగినాడు. గుర్తు మాఱినది. చూచువారు దూరమునుండియే చూచి తీర్పు చెప్పుకొనిరి. నేరపుకథకు కావలసిన అంగములన్నియు ఇందు కలవు, పరిశోధకుడు తప్ప. దగ్గఱకు బోయి తోకను చేతితో నిమిరి చూచువాడొక్కడు ఆ తీరమున నుండెనేని, గరుత్మంతుడు అమృతమునకై పోవలసిన పనియే లేకపోయెడిది. మన వాఙ్మయపు తొలి మహాకావ్యమున, తొలి పర్వముననే, గుఱ్ఱపు పందెపు మోసము ఇంత నిర్దుష్టముగా నిలిచియుండగా, ఈ విషయము మన శాఖలకు తగదనుట ఎట్లు?

దీనికి సరిజోడు కథ ఆంగ్లమున 1892 డిసెంబరులో 'స్ట్రాండ్' పత్రికయందు వెలువడినది. కోనన్ డాయిల్ వ్రాసిన 'సిల్వర్ బ్లేజ్' అను ఆ కథలో, పందెమునకు కొలది దినముల ముందు గెలుపుగుఱ్ఱము మాయమగును. దానిని సాకు శిక్షకుడు బయలున చచ్చిపడియుండును. పాఠకులందఱును జ్ఞాపకముంచుకొనునది రాత్రి మొఱగని కుక్క విషయము. మాకు మాత్రము అంతకంటె ముఖ్యముగా తోచునది గుఱ్ఱపు నొసటి తెల్లమచ్చ. ఆ మచ్చను రంగుతో కప్పివేయగా, దాని యజమానియే దానిని గుర్తింపలేకపోవును. షెర్లాక్ హోమ్స్ రంగు కడిగి చూచుకొమ్మని చెప్పును. కద్రువ లేని గుర్తును కల్పించినది. డాయిల్ కథలో ఉన్న గుర్తును దాచిరి. రెండిటను చిక్కు ఒక్కటే: ఇది ఆ గుఱ్ఱమేనా, దాని ఒడలిపై మనము చూచుచున్నది నిజమేనా? ఒక కథ మఱియొకదానికి మూలమని మేము చెప్పుట లేదు. గుఱ్ఱమున్నచోట, పణమున్నచోట ఈ చిక్కు తప్పక పుట్టుననియే మా యభిప్రాయము.

ఆ చిక్కునకు ప్రాచీనులు విఱుగుడు నెఱుగుదురు. తెలుగున మనుమంచిభట్టు గుఱ్ఱముల లక్షణములపై ప్రత్యేకముగా ఒక పద్యగ్రంథమునే రచించెను. అశ్వశాస్త్రములయందు రంగులు, మచ్చలు, దంతములను బట్టి వయోనిర్ణయము, అన్నిటిని మించి సుడుల విచారము విపులముగా నుండును. ఏ సుడి ఎచట నున్న శుభము, ఎచట నున్న యజమానికి కీడు అను భాగమును నేటివారు మూఢవిశ్వాసమని త్రోసివేయుదురు. శుభాశుభముల మాట ఎట్లున్నను, ఒడలిపై సుడులుండు స్థానము గుఱ్ఱమునకు గుఱ్ఱమునకు భేదించును. రంగు పూసినంతమాత్రమున మాఱదు. అందుచేతనే నేటి పందెపుగుఱ్ఱమునకు ఇచ్చు గుర్తింపుపత్రమున దాని మచ్చలతోపాటు సుడుల స్థానములను కూడ పటములో గీసి నమోదు చేయుదురు. మెడలో చిప్పు అమర్చు ఈ కాలమునను ఆ పద్ధతి పోలేదు. మనుమంచిభట్టు దానిని చూచిన సంతోషించునని మా నమ్మకము.

డాయిల్ పందెముల విషయమున తనకు తెలిసినది స్వల్పమని తరువాత స్వీయచరిత్రలో నిష్కపటముగా ఒప్పుకొనెను. తన కథలోనివారు ఆ రీతిగా ప్రవర్తించినచో సగముమంది చెఱసాలలోను, మిగిలినవారు మైదానమునుండి వెలివేయబడియు ఉండవలసివచ్చునని ఒక పందెపుపత్రిక విమర్శించెనట. కథ మాత్రము నిలిచినది. కాని శాఖ నిలుచుటకు ఆ పాటి జ్ఞానము చాలదు. ఆ శాఖను నిలిపినవాడు డిక్ ఫ్రాన్సిస్. ఇతడు మొదట రచయిత కాడు. స్వారి చేయు జాకీ. 1953-54 ఋతువున బ్రిటనులో కంచెలు దూకు పందెములయందు అగ్రగణ్యుడుగా నిలిచెను. 1956 మార్చిలో గ్రాండ్ నేషనల్ పందెమున రాజమాతకు చెందిన డెవన్ లాక్ అను గుఱ్ఱమును స్వారి చేయుచు, గెలుపురేఖకు కొలది గజముల దూరమున, ఎవ్వరును తాకకయే అది కాళ్లు చాచి కూలబడగా ఓడిపోయెను. ఏల కూలినదో నేటికిని నిశ్చయముగా తేలలేదు. మఱుసటియేట స్వారి విరమించి స్వీయచరిత్ర వ్రాసెను. 1962లో 'డెడ్ సర్ట్' అను తొలి నవల వెలువడినది. 2010లో మరణించునంతవఱకు నలువదికి పైగా నవలలు వచ్చినవి. తన జీవితమున అతి ముఖ్యమైన క్షణమే విప్పలేని చిక్కుగా మిగిలినవాడు, తక్కిన యాయువంతయు చిక్కులు విప్పు కథలు వ్రాయుట యాదృచ్ఛికము కాదని మాకు తోచును. ఇది ప్రమాణములతో నిరూపింపదగిన మాట కాదు. చదువరి ఊహగా తీసికొనవచ్చును.

ఫ్రాన్సిస్ నవలలలో నేరము జ్ఞానమునందే దాగియుండును. బరువుల విధానమునే చూడుడు. హ్యాండీక్యాపు పందెమున మేలుగుఱ్ఱము ఎక్కువ బరువు, తక్కువ స్థాయి గుఱ్ఱము తక్కువ బరువు మోయవలెను. జాకీ తన జీనుతో సహా పందెమునకు ముందును, వెనుకను తక్కెడ యెక్కవలెను. బరువు చాలనిచో సీసపుపలకలు చేర్తురు. తిరిగివచ్చినప్పుడు బరువు తగ్గినచో గెలుపు చెల్లదు. ఈ ఒక్క నియమమునుండి ఎన్ని మోసములు పుట్టగలవో సాలలో మెలగినవాడే ఊహింపగలడు. కళ్లెము ఎంత బిగించిన గుఱ్ఱము వెనుకబడునో, దూరమున కూర్చున్న న్యాయనిర్ణేతలకు తెలియకుండ అది ఎట్లు చేయవచ్చునో పుస్తకములు చదివి తెలిసికొనలేము. ఈ సందర్భమున నలోపాఖ్యానము గుర్తునకు వచ్చును. బాహుకుడను మాఱుపేరుతో ఋతుపర్ణుని రథము తోలు నలుడు, ప్రయాణమధ్యమున అశ్వహృదయము నిచ్చెదనని అక్షహృదయమును గ్రహించెను. గుఱ్ఱమును గూర్చిన విద్యకు, పాచికలను గూర్చిన విద్యకు అక్కడ వినిమయము జరిగినది. 1996లో సుప్రీముకోర్టు మద్రాసు రేస్‌క్లబ్బు వ్యాజ్యమున గుఱ్ఱపు పందెము కేవలము అదృష్టము కాదనియు, నైపుణ్యము ప్రధానమైన క్రీడయనియు తీర్పు చెప్పెను. ఆ తీర్పు విన్నచో ఋతుపర్ణుడు ఆశ్చర్యపడి యుండడు.

ఇక తెలుగు నవల మాట. మన అపరాధపరిశోధక నవలకు తొలిపాఠములు చెప్పినది వంగదేశము. పాంచకడీ దే రచనల యనువాదములు ఇరువదవ శతాబ్ది తొలిభాగమున తెలుగువారిని ఉఱ్ఱూతలూగించినవి. పిమ్మట కొవ్వలి, జంపన మొదలగువారి రైలుబండి నవలలు కాలక్షేపపు చదువునకు పెద్ద పాఠకవర్గమును సమకూర్చెను. ఆ వర్గమును తనవైపు త్రిప్పుకొన్నవాడు కొమ్మూరి సాంబశివరావు. తెనాలిలో 1926లో జన్మించి 1994లో గతించిన ఈయన సృష్టించిన డిటెక్టివు యుగంధర్, సహాయకుడు రాజు ఒక తరమువారికి బంధువులవలె పరిచితులు. 'చావుకేక', 'లక్షాధికారి హత్య' వంటి పేర్లు చాలు, ఆనాటి పాఠకుల గుండె దడ యెట్టిదో చెప్పుటకు. ఆయన వచనము పొట్టి వాక్యములతో, సంభాషణలతో వడిగా సాగును. నాటి విమర్శకులు దానిని గమనింపకపోవుట వారి లోపము. టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్, మధుబాబు మొదలగువారు తరువాత ఆ దారిని వెడల్పు చేసిరి.

కొమ్మూరిని 'ఆంధ్రా ఎడ్గార్ వాలెస్' అని పిలిచెడివారు. ఈ బిరుదును కొంచెము పరిశీలింపవలెను. 1875-1932 మధ్య జీవించిన వాలెస్ పందెపువార్తల విలేఖరి, పందెపుసూచనల పత్రికలు నడపినవాడు, గుఱ్ఱములు కొన్నవాడు, పందెములలో ధారాళముగా పోగొట్టుకొన్నవాడు. ఆయన 1922లో ప్రకటించిన 'ది ఫ్లయింగ్ ఫిఫ్టీఫైవ్' పందెపు నవలయే. 'ది క్యాలెండర్' అను నాటకము కూడ ఆ లోకమునుండియే పుట్టినది. మనము వాలెస్ పేరును బిరుదుగా స్వీకరించితిమి, వేగమును స్వీకరించితిమి, హత్య, ముసుగు, రహస్యపు సొరంగము స్వీకరించితిమి. గుఱ్ఱమును మాత్రము తీసికొనలేదు. ఇందు కొమ్మూరి దోషమేమియు లేదు. కారణము ఇంకను లోతున కలదు. దానికై తిరిగి పంజాగుట్టకు రావలెను.

అమీర్‌పేట, బేగంపేట, సోమాజిగూడ, పంజాగుట్ట ప్రాంతములు పాతనగరపు కోటగోడకు దూరముగా, ప్రభువుల తోటలకు, విడిదులకు నెలవై యుండెను. అమీర్‌పేట పేరులోని అమీరుశబ్దమే ఆ కాలమును చాటుచున్నది. బేగంపేట నిజాము ఇంటి ఆడపడుచు బషీరున్నీసా బేగమునకు పైగా ప్రభువుతో వివాహమైనప్పుడు కట్నముగా లభించిన భూమియని చరిత్ర. ఈ 'పైగా' అను మాట గమనింపదగినది. పారసీకమున 'పాయ్‌గాహ్' అనగా పదవి, స్థానము. గుఱ్ఱపుసాల అనియు అర్థము కలదు. నిజాము అంగరక్షక అశ్వసేనను పోషించుటకై ఆ వంశీయులకు జాగీర్లు ఈయబడినవి. అనగా ఈనాడు అంగళ్లతో, శిక్షణాలయములతో క్రిక్కిఱిసిన ఈ ప్రాంతమున ఒక భాగము నిజమునకు గుఱ్ఱముల మేతకై ఏర్పడిన సంపదలో చేరినది. నిజాము సేనానాయకుడైన అఫ్సరుల్‌ముల్కు పోలోకు ప్రసిద్ధుడు. ఆ అశ్వికసంప్రదాయము విలాసమునకే పరిమితము కాలేదు. మొదటి ప్రపంచయుద్ధమున హైదరాబాదు లాన్సర్లు మైసూరు, జోధ్‌పూరు దళములతో కూడి పాలస్తీనాలో పోరాడిరి. ఢిల్లీలో 1922లో నెలకొల్పిన తీన్‌మూర్తి స్మారకపు మూడు విగ్రహములలో ఒకటి హైదరాబాదు రౌతుది.

ఎఱ్ఱమంజిల్‌ను గూర్చి రెండు విషయములు. మొదటిది పేరు. ఆ మిట్ట మన్ను ఎఱ్ఱనిది. తెలుగువారు దానిని ఎఱ్ఱగడ్డ యనిరి. పారసీకమున 'ఇరమ్' అనగా స్వర్గోద్యానము. రెండు భాషలవారికిని నోట పట్టునట్లు నవాబు 'ఇర్రమ్ మంజిల్' అని పేరు పెట్టెనని చెప్పుదురు. శ్లేష మన ప్రబంధకవులకే చెల్లునని గర్వించువారు ఈ నవాబును కూడ లెక్కలో జేర్చుకొనవలెను. రెండవది కాలము. భవననిర్మాణకాలము 1870 ప్రాంతమని కొన్నిచోట్ల వ్రాయబడినది. ఫలక్‌నుమాకంటె ఉన్నతమైన భవనము కట్టెదనని ఫక్రుల్‌ముల్కు బంధువుతో సరదాగా పందెము వేసి దీనిని కట్టించెనను వృత్తాంతము కూడ అక్కడనే చెప్పబడును. ఈ రెండును కలిసి పొసగవు. ఫలక్‌నుమా నిర్మాణము 1884లో ఆరంభమైనది. లేని భవనముతో పోటీ పడుట అసాధ్యము. కావున పందెపు కథ సత్యమైనచో 1870 అసత్యము. 1870 సత్యమైనచో పందెము కల్పితము. నవాబు 1860లో జన్మించినవాడగుటచే పదియేండ్ల బాలుడు ఇంతటి సౌధము కట్టించుట నమ్మదగినది కాదు. మేము పందెమువైపే మొగ్గుదుము. నిర్మాణము ఆ శతాబ్ది చివరిదని భావింతుము. ఈ భవనమును పడగొట్టి నూతన శాసనసభాభవనము కట్టవలెనని ప్రభుత్వము 2019లో సంకల్పింపగా, ఆ యేటి సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసినది. భవనము నిలిచినది. మైదానమును, సాలలును అంతకుమునుపే పోయినవి.

1948 సెప్టెంబరులో నిజాము పాలన అంతరించినది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యెను. జాగీరు పోయినపిమ్మట ప్రభువు మొదట వదలుకొనునది గుఱ్ఱమునే. అది దినమును దాణా తినును, సైసుకు జీతమీయవలెను, ఆదాయము సున్న. 1956లో ఆంధ్రప్రదేశము ఏర్పడెను. ఆ సంవత్సరప్రాంతముననే అమీర్‌పేటలో సారథీ స్టూడియో వెలసినది. 1959లో విడుదలయైన 'మా ఇంటి మహాలక్ష్మి' అక్కడ తయారైనది. తెలుగు పుస్తకప్రపంచము నగరమునకు తరలివచ్చుటకు ఇంకను కాలము పట్టెను. అదివఱకు అది మద్రాసు, విజయవాడ, తెనాలి, రాజమండ్రులలో నుండెను. సోమాజిగూడ పరిసరమునుండి 1975 డిసెంబరున ఈనాడు హైదరాబాదు ప్రచురణ, 1978లో చతుర, విపుల మాసపత్రికలు మొదలైనవి. ఈ తేదీలను వరుసగా పెట్టిచూచిన విషయము తేటపడును. ఈ వీథులలో గుఱ్ఱము సంచరించినప్పుడు దానిని గూర్చి వ్రాయగల తెలుగు నవలాకారుడు ఇచట లేడు. అతడు వచ్చి చేరునప్పటికి గుఱ్ఱము మలక్‌పేట కంచెలోపలికి పోయినది.

భాష మఱియొక అడ్డు. సాలలో మాటలాడినది దక్కనీ ఉర్దూ, మైదానమున వ్రాతకోతలు ఆంగ్లము. పని చేసిన తెలుగు సైసులు, మేత తెచ్చినవారు చదువునకు దూరమైనవారు. గుఱ్ఱమును చేతితో ఎఱిగినవాడు కలము పట్టలేదు. కలము పట్టినవాడు గుఱ్ఱమును ఎక్కలేదు. ఫ్రాన్సిస్‌లో ఈ ఇరువురును ఒక్కడైరి. మనకు మద్రాసులో గిండీ మైదానము దగ్గఱనే ఉండెను గదా యని ఆక్షేపింపవచ్చును. నిజమే. కాని కృష్ణా, గుంటూరు, గోదావరి మండలములలోని పాఠకునకు గిండీ ఒక వినికిడి. అతనికి రేసు అనగా ఆస్తులు హరించు వ్యసనము. త్రాగుడు, పేకాట, దాని సరసన రేసులు. అందుచే మన కథలలో పందెము తెఱవెనుకనే జరుగును. అప్పులపాలైన యువకుడు, ఇనుపపెట్టెనుండి మాయమైన నగలు, సంశయమునకు లోనైన గుమస్తా వీరికి హేతువుగా మాత్రమే అది పనికివచ్చును. గుఱ్ఱము రంగు గాని, పేరు గాని, ఎంత బరువు మోసెనో గాని పాఠకునకు తెలియనక్కఱలేదు. పాండవుల జూదమును చదివిన జాతికి ఈ భీతి సహజమే. భీతి మంచిదే కావచ్చును. అది నవలకు సామగ్రి నీయలేదు.

ఇంతకును ఈ లోకపు అక్షరము మాకు నేర్పినది విశ్వవిద్యాలయము కాదు. అమీర్‌పేటలో మా చిన్ననాడు ఒక అద్దెపుస్తకముల దుకాణముండెను. దాని యజమాని వారాంతమున మలక్‌పేటకు బోవువాడు. బల్లసొరుగులో నవలల నడుమ రేసుపుస్తకము నుంచుకొని, బేరము లేనివేళ పెన్సిలుతో గుర్తులు పెట్టుచుండెడివాడు. ఒకనాడు అదియేమని అడుగగా, "గిట్ల చూడు బాబూ, పోయినసారి ఇది యాభయ్యారు కిలోలు మోసి మూడో నంబర్ల వచ్చింది. గీసారి యాభైయొక్కటే. జాకీని గూడ మార్చిన్రు. ఎందుకు మార్చిన్రో ఆలోచించు" అని చెప్పెను. మేము ఆలోచించితిమి, తెలియలేదు. ఆ రాత్రి యుగంధర్ నవల చదువుచు ఒక సేవకుని ఎందుకు మార్చిరో గమనించి హంతకుని ముందే కనిపెట్టితిమి. విమర్శనపద్ధతిని గూర్చి మేము నేర్చిన తొలిపాఠము అదియే.

ఆ దుకాణము పదునైదేండ్ల క్రిందట మూతపడినది. పుస్తకములు కిలోల లెక్కన పోవుచున్నవని విని పరుగెత్తితిమి; అప్పటికి మిగిలినవి రెండు గోనెసంచులు. మన గ్రంథాలయములు ఈ నవలలను కొనలేదు, కొన్నవి కట్టింపలేదు. 1950, 60లలో రూపాయికో, అంతకు తక్కువకో అమ్ముడుపోయిన ఈ సన్నని పుస్తకముల కాగితము, ముట్టుకొనిన పొడియగుచున్నది. ఇంకొక పదియేండ్లకు, తెలుగున పందెపు నవలలు ఎన్ని, ఏవి, ఎవరివి అను ప్రశ్నకు సమాధానము చెప్పు సాధనమే నశించును. మా సంచులలోని పుస్తకములలో సగమునకు చివరి ఫారములు లేవు. అద్దెకు తీసికొన్నవారు చించుకొనిపోయిరి. ఒకదానికి పన్నెండవ పుటలోనే అంచున, ఒక పాత్ర పేరునకు ఎదురుగా, ఎవరో ఎఱ్ఱసిరాతో "వీడే" అని వ్రాసియుంచిరి. చివరి పుటలు చినిగియుండుటచేత ఆ వ్రాసినవారి మాట నిజమో అబద్ధమో పరిశీలించుటకు మేము మఱియొక ప్రతికై వెదకుచున్నాము.